పాత పొగగొట్టానికి కొత్త పొయ్యి: అతికించడం తేలికే, పొసగడమే కష్టం

మే నెల మధ్యాహ్నం రెండున్నర. విశాఖ వన్ టౌన్‌లో మా మావయ్యగారి పెంకుటిల్లు, వెనకవైపు విడిగా కట్టిన వంటగది. గాజువాక వైపు ఒక వెల్డింగు షాపులో చేయించిన ఇనుప పొయ్యి ఆ పొద్దున్నే ట్రాలీ ఆటోలో దిగింది. ముందు తలుపు, దాని కింద గాలి తగ్గించి పెంచే బిళ్ల, వెనక 6 అంగుళాల మూతి. అరిసెలు, జంతికలు ఆర్డర్ల మీద చేసి అమ్మే మావయ్యకి కమర్షియల్ సిలిండర్ల ఖర్చు తగ్గించుకోవాలని ఆశ. మేస్త్రి పాత ఇటుక పొగగొట్టానికి కన్నం కొట్టి, రేకు గొట్టం దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తాడు. అత్తయ్య పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టింది. మావయ్య కాగితాలు ఉండచుట్టి, మీద పుల్లలు పేర్చి అగ్గిపుల్ల గీశాడు.

పొగ గొట్టంలోకి వెళ్లలేదు. తలుపు సందుల్లోంచి, గాలిబిళ్ల కన్నాల్లోంచి వంటగదిలోకి తన్నుకొచ్చింది.

"ఇదేటండీ బాబూ, పొగ కిందకి దిగిపోతంది?" అన్నాడు మేస్త్రి, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "మీ తాతగారి కాలం గొట్టవండి ఇది. ఏ రోజూ ఇలగ చెయ్యలేదు."

ఆయన అన్నది నిజమే. అన్నేళ్లూ ఆ గొట్టం కింద మట్టి పొయ్యిలు మండాయి. పొగ బాగానే పోయింది. గొట్టం చెడిపోలేదు. కింద మండేది మారిపోయింది, అంతే. పొయ్యిని గొట్టానికి కలపడమంటే పైపు జాయింటు వేయడం అనుకుంటాం. నిజానికి పొయ్యి, గొట్టం కలిస్తేనే ఒక యంత్రం. ఆ యంత్రానికి ఇంజిను పొయ్యి కాదు, గొట్టం. పాత ఇంజినుకి కొత్త బండి తగిలిస్తే ఎక్కడెక్కడ పట్టేస్తుందో చూద్దాం. కట్టెల పొయ్యి భోజనం అని బోర్డు పెట్టే హోటళ్లకీ, చలికాలం అతిథుల కోసం అరకు, లంబసింగి వైపు కాటేజీల్లో నెగడు పొయ్యిలు పెట్టిస్తున్న విశాఖ వాళ్లకీ ఇదే లెక్క.

## చిమ్నీ అంటే ఏ చిమ్నీ?

ఇప్పుడు వైజాగ్‌లో చిమ్నీ అంటే గ్యాస్ స్టవ్ మీద వేలాడే కరెంటు పెట్టె. అందులో ఫ్యాను ఉంటుంది, అది లాగుతుంది. దాని గొట్టం ప్లాస్టిక్కో, పలచటి అల్యూమినియం ముడతల పైపో. కట్టెల పొయ్యిని దానికి కలపడమన్న ఆలోచనే వద్దు. కరిగిపోతుంది, లేదా అంటుకుంటుంది.

మనం మాట్లాడుకునేది ఇటుకలతో కట్టిన నిలువు పొగగొట్టం గురించి. ఇందులో ఫ్యాను లేదు. మధ్యలో ఖాళీగా ఉండే దారిని పొగదారి అందాం. ఆ దారి గోడలకి లోపలి నుంచి తొడిగే మట్టి పెంకో, స్టీలు గొట్టమో ఉంటే అది లైనర్. పొయ్యి మూతి నుంచి గోడ దాకా వెళ్లే రేకు గొట్టం కలుపు గొట్టం. గోడ కన్నంలో కలుపు గొట్టం చుట్టూ ఉండే తొడుగుకి మేస్త్రులు స్లీవ్ అంటారు. ఈ ఐదు మాటలు చాలు.

మన దగ్గర పొగగొట్టాల మీద ఐఎస్ 1645 అని 1960 నాటి భారత ప్రమాణం ఉంది. అయితే మూసిన ఇనుప పొయ్యిని పాత ఇటుక గొట్టానికి కలిపే విషయంలో అంగుళాలతో సహా తేల్చి చెప్పేది అమెరికా అగ్నిరక్షణ సంఘం వాళ్ల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211. కొలతల నియమాలు నేను అక్కడివే తీసుకున్నాను. మంటకి దేశం తెలియదు కదా.

## పొగ పైకి ఎందుకు పోతుంది, ఎందుకు పోదు

వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. గొట్టంలో ఉన్న వేడిగాలి స్తంభం బయట అంతే ఎత్తున్న గాలి స్తంభం కంటే తేలికగా ఉంటే, బయటి గాలి కింద నుంచి తోసుకొచ్చి దాన్ని పైకి నెడుతుంది. దీన్నే లాగుడు అంటారు. నిజానికి లాగేదేమీ లేదు, నెట్టేదే ఉంది.

ఈ నెట్టుడు ఎంత? మావయ్య గొట్టం పొయ్యి మూతి నుంచి పై అంచు దాకా సుమారు 5 మీటర్లు. పొగదారిలో సగటు వేడి 150 డిగ్రీలు, బయట 32 డిగ్రీలు అనుకుంటే లెక్క సుమారు 16 పాస్కళ్లు వస్తుంది (పాస్కల్ అంటే ఒత్తిడి కొలత). నీటి మట్టంలో చెప్పాలంటే ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు. పొగ మొత్తం కదిలేది ఇంత చిన్న తేడాతో. యూరప్ ప్రమాణాల్లో మూసిన పొయ్యిలని పరీక్షించేది సుమారు 12 పాస్కళ్ల దగ్గర. అంటే మనకి మిగిలే వెసులుబాటు నాలుగు.

అదే గొట్టం సుమారు 900 మీటర్ల ఎత్తున అరకులో ఉండి, తెల్లవారుజామున బయట 8 డిగ్రీలుంటే? అక్కడ గాలి పలచన కాబట్టి ఆ మేరకు తగ్గించుకున్నా దాదాపు 19 వస్తుంది. పొయ్యి కొండ మీద మండినంత హుషారుగా సముద్రం ఒడ్డున మండకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు పొగదారిలో సగటు వేడి 150 కాకుండా 80 డిగ్రీలే ఉందనుకోండి. లాగుడు 8 పాస్కళ్లకి పడిపోతుంది. పొయ్యి మూలుగుతుంది, తలుపు తీస్తే పొగ మొహం మీదకొస్తుంది.

ఇక ఆ మే నెల మధ్యాహ్నం సంగతి. బయట 36 డిగ్రీలు. నీడలో, మందపాటి ఇటుకల మధ్య రాత్రి చల్లదనం ఇంకా నిలిచి ఉన్న గొట్టంలో 29 అనుకుందాం. లోపలి గాలే బరువు. లెక్క వేస్తే లాగుడు సున్నాకి ఒకటింబావు పాస్కల్ దిగువన ఉంటుంది. అంటే అగ్గిపుల్ల గీయకముందే ఆ గొట్టంలో గాలి కిందికి జారుతోంది. రెండు కాగితం ఉండల వేడి అంత ఇటుకని వేడెక్కించి దాన్ని తిప్పలేదు. తాతగారి మట్టి పొయ్యి రోజూ తెల్లవారుజామున, బయట చల్లగా ఉన్నప్పుడు వెలిగేది. పైగా రాత్రి కుమ్మిన నిప్పు పొద్దుటికీ పూర్తిగా ఆరేది కాదు. గొట్టం ఎప్పుడూ పూర్తిగా చల్లబడలేదు. అందుకే మేస్త్రి చెప్పినట్టు ఏ రోజూ అలా చెయ్యలేదు.

దీనికి తోడు మావయ్య వంటగది గోడలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది. కిటికీలు మూసి ఫ్యాను వేస్తే అది బయటికి తోసే గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. ఎక్కడా దారి లేకపోతే పొగగొట్టం గుండా వస్తుంది. ఫ్యాను గదిలో 5 పాస్కళ్ల వెలితి తెచ్చిందంటే 16లో మిగిలేది 11. వెంట్రుకవాసి మీద నడిచే వ్యవహారం ఇది.

## దారి పెద్దదైతే మంచిదేగా?

అందరూ అనుకునేది ఇదే. చిన్న గొట్టంలో పొగ ఇరుక్కుంటుంది, పెద్దదాంట్లో హాయిగా పోతుంది అని. సగమే నిజం. పొగదారి పొయ్యి మూతి కంటే చిన్నది కాకూడదు. కానీ మరీ పెద్దదీ కాకూడదు.

లెక్క చూడండి. పొయ్యి మూతి 6 అంగుళాల గుండ్రం, వైశాల్యం 28.3 చదరపు అంగుళాలు. పాత ఇటుక కొలతతో కట్టిన గొట్టం లోపలి దారి 9 అంగుళాలకి 9 అంగుళాలు, అంటే 81. భాగిస్తే 2.86 రెట్లు. గొట్టం నాలుగు వైపులా ఇంటి లోపలే ఉంటే దారి పొయ్యి మూతికి 3 రెట్లు దాటకూడదని నియమం, అంటే 84.8. అంచు మీద పాసయింది. కానీ గొట్టం గోడల్లో ఒక్కటైనా ఎండకీ వానకీ బయట ఉంటే హద్దు 2 రెట్లే, అంటే 56.5. మావయ్య గొట్టం వెనక గోడ సందులోకే ఉంది. ఫెయిల్.

ఎందుకీ తేడా? 6 అంగుళాల మూతి నుంచి వచ్చిన పొగ 9 బై 9 దారిలోకి రాగానే దాని వేగం దాదాపు మూడోవంతుకి పడిపోతుంది. నెమ్మదిగా పోయే పొగకి చల్లబడడానికి టైము దొరుకుతుంది. బయటి గోడ ఆ వేడిని తాగేస్తుంది. చల్లబడితే లాగుడు తగ్గుతుంది, తగ్గితే ఇంకా నెమ్మదిస్తుంది, ఇంకా చల్లబడుతుంది. మట్టి పొయ్యికి ఈ బాధ లేదు. అది గదిలోని గాలిని బోలెడంత తనతో పాటు పైకి తీసుకుపోయేది, కట్టెలు కూడా అంతే తినేది. కట్టె పొదుపు చేయడానికే పుట్టిన మూసిన పొయ్యి గాలిని ఆచితూచి వాడుకుంటుంది. దాని పొదుపే గొట్టానికి పస్తు.

మూతి 8 అంగుళాలున్న పొయ్యి అయితే వైశాల్యం 50.3, నిష్పత్తి 1.6. ఇబ్బంది లేదు. అలాగని ఉన్న పొయ్యికి మూతి కోసి పెద్దది చేస్తే సరిపోదు. లోపల మంట అంత పొగని ఇవ్వదు కాబట్టి కథ మొదటికొస్తుంది.

## మసి కాదు, అసలు భయం తారు

గొట్టంలో నల్లగా, పొడిగా రాలేది మసి. దాంతో పేచీ తక్కువ. కట్టె పూర్తిగా మండనప్పుడు వచ్చే ఆవిర్లు చల్లటి గోడకి తగిలి చిక్కటి జిగురులా అంటుకుంటాయి. అదే క్రియోసోట్, మనం తారు అందాం. పొగదారిలో వేడి సుమారు 120 డిగ్రీల లోపుకి పడిపోతే ఇది జోరుగా పేరుకుంటుంది. మొదట పొడిపొడిగా, తర్వాత పెచ్చులుగా, చివరికి తారు రోడ్డులా మెరుస్తూ గట్టిపడుతుంది. చీపురుకట్టకి లొంగేది మొదటిదే.

అది ఇంధనం. ఒకరోజు పొయ్యిలో మంట ఎక్కువై నిప్పురవ్వ పైకి ఎగిరితే గొట్టం మొత్తం లోపల అంటుకుంటుంది. రైలు వెళ్తున్నట్టు మోత వస్తుంది. లోపల వేడి 1,000 డిగ్రీలు దాటొచ్చు. ఇటుకలు పగులుతాయి, సున్నం సందులు నోళ్లు తెరుస్తాయి. ఆ సందుల వెనక ఏముందన్నదే ఇల్లు నిలుస్తుందా లేదా తేల్చేది. దాని దగ్గరికి వస్తాను.

తారుకి మూలం చాలామట్టుకు కట్టెలోని నీళ్లు. తూకంలో 40 శాతం తేమ ఉన్న 10 కిలోల పచ్చి కట్టెలో 4 లీటర్ల నీళ్లున్నాయి. పొయ్యి ముందు వాటిని ఆవిరి చేయాలి, ఆ తర్వాతే కట్టె సంగతి. 20 శాతమైతే 2 లీటర్లు. 20 లోపు ఉన్న కట్టెనే వాడమని అందరూ చెప్పేది అందుకే. భీమిలి వైపు నుంచి వచ్చే సరుగుడు మంచి కట్టె, బరువుగా ఉంటుంది, నిప్పు నిలుస్తుంది. కానీ విశాఖ గాలిలో తేమ 75, 80 శాతం ఉండే రోజుల్లో నీడన పెట్టిన ఏ కట్టె అయినా 14, 15 శాతం కంటే కిందికి ఆరదు. గాలే దాన్ని అక్కడ ఆపేస్తుంది. అంటే ఇక్కడ ఆరిన కట్టెకీ, ఆరని కట్టెకీ మధ్య గీత చాలా సన్నం. వానాకాలంలో కొని చలికాలంలో కాల్చేద్దామంటే కుదరకపోవచ్చు.

ఇంకో కట్టె ఉంది మన ఊళ్లో. చేపల రేవు వైపు పాత పడవలు విప్పితే వచ్చే చెక్క. చవక, బాగా ఎండి ఉంటుంది, చూడగానే మనసు లాగుతుంది. కానీ ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు తాగిన చెక్క అది, మీద రంగులు. మండితే ఆ ఉప్పులోని క్లోరిన్ ఆమ్లంగా మారి స్టీలు లైనర్‌ని చిల్లులు పొడుస్తుంది, పొగలో విషాలూ చేరతాయి. కొత్త లైనర్ మీద వేలు పోసినవాడు ఈ కట్టె కాల్చడం కన్నంలో డబ్బులు వేయడమే.

## ఇటుక వెనకాల దూలం

మేస్త్రి మరుసటి రోజు పొగగొట్టం పై అంచు నుంచి తాడుకి బల్బు కట్టి లోపలికి దించాడు. నేను కింద కన్నంలోంచి ఫోను కెమెరా పెట్టి చూశాను. పైకప్పుకి ఓ రెండడుగుల కింద, ఇటుకల మధ్య నల్లగా చతురస్రం. మొదట రాయి అనుకున్నాం. మేస్త్రి ఇనుప చువ్వతో గీకితే పొడి రాలింది. టేకు దూలం చివర అది. ఇల్లు కట్టినవాళ్లు దూలం ఆనడానికి గట్టి గోడ కావాలని పొగగొట్టంలోకే దూర్చారు. చివర రెండంగుళాల మేర బొగ్గు.

ఇది అరుదైన సంగతి కాదు. ఇటుక పొగగొట్టానికీ దగ్గర్లోని చెక్కకీ మధ్య, గొట్టం ఇంట్లో ఉంటే 2 అంగుళాలు, బయటి గోడకి ఉంటే 1 అంగుళం ఖాళీ ఉండాలని నియమం. ఖాళీ అంటే ఖాళీయే, గాలి ఆడాలి. పాత ఇళ్లలో ఈ ఖాళీ కనబడేది తక్కువ. గొట్టం గోడ మందం కూడా చూసుకోవాలి. మన మేస్త్రులు నాలుగున్నర గోడ అనేది, అంటే అరఇటుక మందం, కనీస హద్దుకి సరిపోతుంది, కానీ లోపల లైనర్ ఉన్నప్పుడే.

ఇక్కడ నిపుణుల్లో ఒక తగువు ఉంది. మామూలుగా చెక్క అంటుకోవడానికి 250 డిగ్రీల పైమాట కావాలి. గొట్టం బయటి గోడ అంత వేడెక్కదు. మరి భయం దేనికి? ఏళ్ల తరబడి 100 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో ఉన్న చెక్క మెల్లగా బొగ్గులా మారి, తర్వాత చాలా తక్కువ వేడికే అంటుకుంటుందని అగ్నిప్రమాదాల్ని పరిశోధించేవాళ్లు చాలామంది నమ్ముతారు. కారణం వేరే దొరకని ప్రమాదాలు వాళ్లు చూశారు. ప్రయోగశాలలో దీన్ని తిరిగి చేసి చూపించడం కష్టం, పగులులోంచి వచ్చిన వేడిపొగో నిప్పురవ్వో అసలు కారణమై ఉంటుందని రెండో పక్షం. నా మట్టుకు ఈ తగువు తేలేదాకా ఆగనక్కర్లేదు. అమెరికా పరీక్షల్లో దగ్గర్లోని చెక్క, గది వేడి కంటే సుమారు 50 డిగ్రీలకి మించి వేడెక్కకూడదని హద్దు పెట్టుకుంటారు. మన 32 డిగ్రీల గదిలో అది 82. నాకు ఆ హద్దు చాలు.

పొయ్యి పక్కన గోడ విషయంలో ఇంకో వింత. ప్రమాణాల ప్రకారం పరీక్ష చేయని పొయ్యికి, అంటే మావయ్య చేయించినలాంటిదానికి, చెక్క గోడకో బీరువాకో మధ్య 36 అంగుళాలు కావాలి. మధ్యలో నాలుగంగుళాల ఇటుక గోడని చెక్కకి ఆనించి కడితే 24కి తగ్గుతుంది. అదే ఒక పలచటి ఇనుప రేకుని చెక్కకి అంగుళం దూరంలో, కిందా మీదా గాలి ఆడేలా నిలబెడితే 12కి తగ్గుతుంది. ఇటుక కంటే రేకే మేలు. వేడిని ఆపేది బరువు కాదు, వెనకాల ఆడే గాలి. ఆనించిన ఇటుక ఆలస్యంగా వేడెక్కుతుంది, కానీ వేడెక్కాక ఆ వేడిని చెక్కకే అప్పగిస్తుంది.

## లైనర్ వేయాలా వద్దా

వద్దనేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. ఇన్నేళ్లు నిలిచిన గొట్టం, సున్నం సందులు, వేడికి ఇటుకతో పాటు కొంచెం సాగి ముడుచుకుంటాయి. లోపల ఫైర్ క్లే పూత వేసి, పగుళ్లు పూడ్చి, ఏడాదికి రెండుసార్లు దులిపిస్తే చాలదా? తెరిచిన మట్టి పొయ్యికైతే చాలేదేమో. పైగా పాత సున్నపు కట్టడాన్ని స్టీలుతోనో సిమెంటుతోనో ఊపిరాడకుండా చేస్తే తేమ లోపల చిక్కుకుంటుందన్న భయంలో కూడా నిజం ఉంది.

వేయాలనేవాళ్లు మూడు చెబుతారు. ఒకటి, మూసిన పొయ్యి పొగ తేమతో, ఆమ్లంతో ఉంటుంది, సున్నాన్ని మెల్లగా తినేస్తుంది. రెండు, పగుళ్లు లోపల ఎక్కడున్నాయో పైనుంచి కనబడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊపేసిన ఊరు ఇది. ఆ రోజు కూలని గొట్టం బాగున్నట్టే అని మనం అనుకుంటాం, కానీ పక్కకి ఊగి నిలిచిన ఇటుక గొట్టానికి సన్నపగులు కప్పు చేరే చోటే వస్తుంది, సరిగ్గా దూలాలున్న చోట. మూడు, ఇందాకటి సైజు లెక్క. 9 బై 9 దారిలో 6 అంగుళాల స్టీలు గొట్టం దించి, చుట్టూ అర అంగుళం మందాన వేడి ఆపే దుప్పటి చుడితే మొత్తం 7 అంగుళాలు, పక్కలకి ఇంకా అంగుళం చొప్పున మిగులుతుంది. పొగదారి పొయ్యి మూతితో సమానం అయిపోతుంది, 2.86 రెట్లు కాస్తా ఒక రెట్టు. పొగ వేడి నిలుస్తుంది, వేగం నిలుస్తుంది, తారు తగ్గుతుంది.

నాకు మూడో కారణమే బరువుగా కనబడుతుంది. మొదటి రెండిటికీ పూత జవాబు కావొచ్చు, మూడోదానికి కాదు.

స్టీలులోనూ రకాలు. 304 రకం అన్ని చోట్లా దొరుకుతుంది. 316లో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది, ఉప్పుకి ఎక్కువ ఓర్చుకుంటుంది. సముద్రపు గాలి కిటికీ ఊచల్నే తినే ఊళ్లో ఈ తేడా మాటవరసకి చెప్పేది కాదు. ఇవేమీ వద్దు, పాత గొట్టాన్ని అలా వదిలేసి రెండు పొరల స్టీలు గొట్టం విడిగా నిలబెడదామన్నదీ ఒక దారే. పెంకుటింటి అందం పోతుందని మావయ్య ఒప్పుకోలేదు.

## గోడలోకి దూరే ఆ అడుగు మేర

మావయ్య ఇంట్లో వేసిన కలుపు గొట్టం జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనుము. తెల్లగా మెరుస్తుంది, చవక. కానీ జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పొయ్యి మూతి దగ్గర మంట ఎక్కువైతే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పూత పోయాక మిగిలే పలచటి ఇనుము తుప్పుకి ఎంతో సేపు ఆగదు. 6 అంగుళాల కలుపు గొట్టానికి ప్రమాణాలు అడిగేది 24 గేజి కంటే పలచన కాని ఉక్కు. దానికీ చెక్కకీ మధ్య 18 అంగుళాల దూరం. అడుగుకి కనీసం పావంగుళం ఎత్తు పెరుగుతూ గోడ వైపు వెళ్లాలి, జాయింటుకి మూడు స్క్రూలు.

జాయింట్లలో గొట్టం సన్నమూతి ఎటు ఉండాలన్నది అందరూ తిరగేసేది. పొగ పైకి పోతుంది కాబట్టి సన్నమూతి పైకి ఉండాలని అనిపిస్తుంది. తారు మాత్రం కిందికి కారుతుంది. సన్నమూతి పొయ్యి వైపు, కిందికి ఉంటే కారిన తారు గొట్టం లోపలే జారి మంటలో పడి మాడిపోతుంది. తిరగేస్తే ప్రతి జాయింటు దగ్గరా బయటికి కారి, గోడ మీద కాఫీ మరకల్లాంటి చారలు కడుతుంది.

కలుపు గొట్టం పొగదారి లోపలి గోడతో సమంగా ఆగాలి. మేస్త్రి గట్టిగా ఉండాలని నాలుగంగుళాలు లోపలికి తోశాడు. 9 అంగుళాల దారిలో నాలుగు మూసేస్తే పొగ ఎటు పోతుంది? చుట్టూ మెత్తిన మామూలు సిమెంటు కూడా 400 డిగ్రీలు దాటితే బలం కోల్పోయి పొడిబారుతుంది. అక్కడ వాడేది వేడికి తట్టుకునే ఫైర్ సిమెంటు.

ఇంకోటి కూడా బయటపడింది. స్నానాల గది గ్యాస్ గీజరు పొగ పైపుని ఎప్పుడో ఎవరో ఇదే గొట్టంలోకి దూర్చారు. కట్టెల పొయ్యి ఉన్న పొగదారిలోకి గ్యాసు పరికరం రాకూడదు. ఒకదాని పొగ ఇంకోదాని గుండా స్నానాల గదిలోకి దిగొచ్చు. ఇందులో రెండో పక్షం లేదు.

## కప్పు మీద కొలత, పక్కింటి గాలి

గొట్టం కప్పులోంచి పైకి వచ్చిన చోట నుంచి కనీసం 3 అడుగులు ఉండాలి, 10 అడుగుల దూరంలోపు ఉన్న దేనికంటేనైనా 2 అడుగులు ఎక్కువ ఉండాలి. మావయ్య ఇంటి కొప్పు, అంటే కప్పు వాలులు కలిసే పై అంచు, గొట్టం నుంచి అడ్డంగా 8 అడుగుల దూరం. వాలు లెక్కన అది గొట్టం పైకి వచ్చే చోటు కంటే 4 అడుగులు ఎత్తు. కాబట్టి కావలసింది 3 అడుగులు కాదు, 4కి 2 కలిపి 6. ఉన్నది మూడున్నర.

పక్కన నాలుగంతస్తుల అపార్టుమెంటు 12 అడుగుల దూరంలో ఉంది. కాగితం మీద అది లెక్కలోకి రాదు. కానీ గాలికి ఆ నియమం ఎవరు చెప్పారు? సాయంత్రం సముద్రం గాలి ఆ గోడకి కొట్టుకుని కిందికి మళ్లి మన గొట్టం మీద పడుతుంది. యారాడ కొండ, కైలాసగిరి వాలుల కింద ఇళ్లకీ ఇదే బాధ. పైన టోపీ పెడితే వానా, గోరింక గూళ్లూ ఆగుతాయి, కిందికి కొట్టే గాలి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

## పొగ కనబడనప్పుడు

పొగ వస్తే మనిషి లేచి తలుపు తీస్తాడు. కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. అది బాగా వచ్చేది మంట భగభగలాడేటప్పుడు కాదు. మంట తగ్గి, ఎర్రటి నిప్పులు మిగిలి, గొట్టం చల్లబడుతూ, లాగుడు పడిపోతున్నప్పుడు. చలికి తలుపులు బిగించి, గాలిబిళ్ల మూసి, పొయ్యి పక్కనే పడుకునే కాటేజీల్లో సరిగ్గా ఆ సమయానికే నిద్ర పట్టేసి ఉంటుంది. దాన్ని కనిపెట్టగలిగేది కార్బన్ మోనాక్సైడ్ అలారమే.

## మావయ్య పొయ్యి ఇప్పుడు

దూలం చివర కోసి, పక్కన ఇనుప స్తంభం నిలబెట్టి దాని మీద ఆనించారు. గీజరు పైపు వేరే గోడకి పోయింది. 316 స్టీలు గొట్టం దుప్పటితో సహా దిగింది, కప్పు మీద గొట్టం ఇంకో రెండున్నర అడుగులు లేచింది. పని అయ్యేసరికి వానలు మొదలయ్యాయి. ఎండగా ఉన్న మధ్యాహ్నాలు మొదటి ఐదు నిమిషాలు గొట్టం ఇంకా మొండికేస్తుంది. మావయ్య ముందు గొట్టం అడుగున దులుపుడు తలుపు తీసి ఒక కాగితం కాల్చి పైకి పంపిస్తాడు. ఫ్యాను కట్టేస్తాడు. పొగ తిరిగాక పొయ్యి వెలిగిస్తాడు.

సెప్టెంబరులో రెండు ట్రాలీల సరుగుడు దింపించి, చీల్చి, రేకుల షెడ్డు కింద పేర్చాడు. డిసెంబరు చివర నేను వెళ్లినప్పుడు ఒక దుంగని నిలువుగా చీల్చి లోపలివైపు తేమ మీటరు సూదులు గుచ్చి చూపించాడు. 24.

"ఇంకో రెండు నెలలు ఆగాలిరా," అన్నాడు. సంక్రాంతి అరిసెలు గ్యాసు మీదే వండారు.